జీపులో వీడియో కాల్

ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల వెళ్ళే షేర్ జీపులో ఆ ఉదయం డ్రైవరు, ఇద్దరు టీచర్లు, నర్సు సునీత, సబ్‌స్టేషన్‌లో ఇంజనీరునైన నేను ఉన్నాం. ఉద్యోగాన్నీ పిల్లల్నీ ఎలా నెట్టుకొస్తున్నారో ఆడవాళ్ళు చెప్పుకుంటున్నారు.

"మా పాప నన్నిడిసి ఉండదక్కా, సూడండి," అంటూ సునీత అత్తగారికి వీడియో కాల్ చేసింది. "బంగారూ, అమ్మ యాడ?"

ఏడాది పాప ఫోన్ వైపు చూసి, తల తిప్పుకుని నాయనమ్మ మెడ పట్టుకుంది.

"సూసినావా? సాకేది నేను, నన్నే అమ్మంటాది. నువ్వు దుడ్లు సంపాదిచ్చుకో పో," అంది అత్త.

టీచర్లు పగలబడి నవ్వారు.

"ఈడే ఆపన్నా, ఇంటికి పోతా," అంది సునీత.

"డ్యూటీ ఎవురు సేస్తారక్కా, మీ అత్తనా?" అన్నాడు డ్రైవరు, బండి ఆపకుండానే. మళ్ళీ నవ్వులు.

ఆమె మొహం నేనింకా మరచిపోలేదు. అప్పటికి నంద్యాల ఇంకా ఇరవై రెండు కిలోమీటర్లుంది.