కూర కడుక్కునే క్యాథరిన్ గారు

కైకలూరులో ముక్క కడుక్కుని తినే టీచరుగారు ఎక్కడుంటారంటే చిన్నపిల్లలు కూడా క్యాథరిన్ గారి ఇల్లు చూపిస్తారు. కంచంలో చేపముక్క పడగానే ఆవిడ దాన్ని మంచినీళ్ల గ్లాసులో ముంచి, అటూ ఇటూ తిప్పి, శుభ్రంగా స్నానం చేయించి అప్పుడు నోట్లో పెట్టుకుంటారు. అక్కడితో ఆగితే బాగుండును. ఆ కడిగిన నీళ్లు కూడా ఒక గుక్క పుచ్చుకుని, కళ్లు మూసుకుని, కూర మీద తీర్పు చెబుతారు.

ఈ అలవాటు వెనక ఒక అన్యాయం ఉంది. చర్చిలో ప్రేమవిందు జరిగితే పులుసు రుచి చూసి "ఇంక దించండి" అనే హక్కు, ఆవిడ కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడదే. నలభై ఏడో ఏట ఒక పండక్కి గరిటె అంచు నాలిక్కి తగిలిందో లేదో, నిప్పుకణిక మింగినట్టు ఎగిరిపడ్డారు. "ఇంత కారమేంటర్రా" అని డేగిసాలో బిందెడు నీళ్లు పోయించారు. మళ్లీ చూస్తే ఉప్పు ఉందో లేదో తెలియలేదు. నోట్లో పాత మేకు పెట్టుకున్నట్టుంది. సందేహం ఎందుకని దోసిటితో ఉప్పు వేశారు. ఆ మధ్యాహ్నం సంఘమంతా కుళాయి చుట్టూ కూర్చుంది.

వంటల యేసమ్మ అందరూ చూస్తుండగా ఆవిడ చేతిలోంచి గరిటె లాక్కుంది.

"వయసు మీరి నాలిక చచ్చిపోయాక పొయ్యి దగ్గరికి రాకూడదండి టీచరుగారూ. వెళ్లి పిల్లలకి ఎక్కాలు చెప్పుకోండి."

క్యాథరిన్ గారు మారు మాట్లాడలేదు. ఆవిడ మారు మాట్లాడకపోవడం ఆ ఊళ్లో అదే మొదటిసారి కాబట్టి అందరికీ కాస్త భయం వేసింది.

తర్వాత వైద్యం మొదలైంది. వీధి మొత్తం ఒకే మాట చెప్పింది: వేడి చేసింది. బార్లీ నీళ్లన్నారు, సబ్జా అన్నారు, తలకి ఆముదం అన్నారు. పళ్ల డాక్టరు పళ్లు చూసి, ఇంత మంచి పళ్లు తను ఈమధ్య చూడలేదన్నాడు. "పళ్లు మీరు ఉంచుకోండి, మంట సంగతి చూడండి" అన్నారు ఈవిడ. చివరికి ఏలూరులో ఒక డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించి, కూర్చోబెట్టి చెప్పింది.

"నెలసరి ఆగిపోయే ముందు ఒంట్లో చాలా మార్పులు వస్తాయమ్మా. కొందరికి ఒళ్లు మండుతుంది, కొందరికి మనసు మండుతుంది, కొందరికి నోరు మండుతుంది."

"నాకు మూడూ మండుతున్నాయండి. ఏ వరసలో చెప్పమంటారు?"

కారం, పులుపు, పొగలు కక్కే టీ తగ్గించమంది. ఘాటు పేస్టు మానెయ్యమంది. చల్లటి నీళ్లు గుక్క గుక్కగా తాగమంది. ఎన్నాళ్లండీ అంటే, కొందరికి నెలలు, కొందరికి ఏళ్లు అంది. క్యాథరిన్ గారు బయటికొచ్చి భర్తతో, "ఏవండీ, ఇది రోగం కాదట. సీజనట" అన్నారు.

భర్త నెహెమ్యా గారికి ఐస్ ఫ్యాక్టరీలో పని. ఊళ్లో భర్తలు సాయంత్రం మల్లెపూలు తెస్తే ఈయన తువ్వాల్లో ఐసుముక్క తెచ్చేవారు.

"ఏవండీ, చేపల వాసనేస్తోంది."

"చేపలకి చేసిన ఐసు మరేం వాసనేస్తుంది?"

ఆవిడ ఆ ఐసు కడుక్కుని చప్పరించేవారు. కడగడం అక్కడే మొదలైందని నెహెమ్యా గారి వాదన.

భీమడోలులో పెళ్లికి వెళ్తే రొయ్యల వేపుడు వడ్డించారు. ఈవిడ రెండో గ్లాసు అడిగి, ఒక్కొక్క రొయ్యనీ తీరిగ్గా జలకాలాడించారు. పెళ్లికూతురి తల్లి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందండీ, ఇసక తగిలిందా?"

"లేదమ్మా, రొయ్య బ్రహ్మాండంగా ఉంది. మసాలా ఒక్కటే అడ్డంగా ఉంది."

ఆ తల్లి అప్పగింతలప్పుడు ఏడవాల్సిన ఏడుపు సగం అక్కడే ఏడ్చేసింది.

ఇవన్నీ విని నవ్వుకుంటూ బతికిన మేనల్లుడు రూబెన్‌కి, ఆ గ్లాసు తన మెస్‌లోకి వచ్చాక నవ్వు ఆగిపోయింది.

రూబెన్‌కి లోకం మీద మంచి అభిప్రాయం లేదు. రొయ్యల మేత కంపెనీలో మేనేజరు చేతకానితనాన్ని మొహమ్మీదే చెప్పి బయటికొచ్చాడు. అంతకుముందు ఉద్యోగంలోంచి కూడా ఇలాగే వచ్చాడు. ఇంక ఒకళ్ల కింద పనిచెయ్యనని బస్టాండు పక్కన మెస్ తెరిచాడు. ఇదీ పోతే మళ్లీ ఎవడి ముందో చేతులు కట్టుకోవాలి. వంటకి యేసమ్మని పెట్టుకున్నాడు. ఆమె చేపల పులుసంటే మండలమంతా పేరు. మొదటి ఏడాది బాగానే గడిచింది.

రెండో ఏడు అత్త దిగింది. ఆవిడ బడి మెస్ వెనక గోడకి ఆనుకునే ఉంది. పదకొండుకి ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే కొంగు దోపుకుని వచ్చేవారు. అప్పటికే లారీ డ్రైవర్లు ఒకరిద్దరు, మేత కొట్టు కోటేశ్వరరావు గారు భోజనానికి కూర్చునుండేవారు. క్యాథరిన్ గారు నడిమి బల్ల దగ్గర, వంటింటి గుమ్మానికి ఎదురుగా కూర్చుని, కంచంలో ఒక ముక్క వేయించుకుని, గ్లాసు దగ్గరికి లాక్కుని, ముంచి, తిప్పి, నీళ్లు గుక్క వేసి, బడి గొంతుతో అనేవారు:

"ఏమ్మా యేసమ్మా, ఇది కొల్లేటి చేపా, సముద్రపు చేపా?"

ఇంకో రోజు, "ఇదేంటమ్మా, ఆసుపత్రి కూడు." మరో రోజు, "చింతచెట్టు కొమ్మతో సహా పడిందా డేగిసాలో?"

లోపల్నుంచి గిన్నెల చప్పుడు గట్టిగా వినిపించేది. యేసమ్మ మాత్రం ఒక్క మాట తిరిగి అనేది కాదు. కోటేశ్వరరావు గారు తినడం ఆపి వినేవారు. "రూబెనూ, మీ అత్తగారు వచ్చాకే వడ్డించవయ్యా. ఆవిడ తిట్టాక పులుసు ఎందుకో రుచిగా ఉంటోంది" అన్నారొకసారి. రూబెన్ దాన్ని వెటకారం కింద జమ కట్టుకున్నాడు. వేసవి సెలవుల్లో బడి లేకపోయినా అత్త పదకొండుకి ఠంచనుగా వచ్చారు. అక్కడైనా అనుమానం రావలసింది. అతనికి లోకం మొత్తం మీద అనుమానమే గానీ, అవసరమైన చోట రాలేదు.

అతని లెక్కలో సంగతి తేలికే. అత్త పాత పగ తీర్చుకుంటోంది. పోనీ తీర్చుకుంటే యేసమ్మ ఇంటికెళ్లి తీర్చుకోవచ్చు కదా.

"అత్తా, ఒక మాట. మీకు కావలసింది క్యారేజీలో ఇంటికి పంపిస్తాను. మీరు ఎండలో ఇంత దూరం రావద్దండి."

"గోడవతల్నుంచి వస్తున్నాన్రా."

"అదేనండి. ఆ గోడ దాటి రావద్దంటున్నాను."

క్యాథరిన్ గారు వంటింటి గుమ్మం వైపు ఒకసారి చూశారు. "సరే నాయనా, నీ హోటలు, నీ ఇష్టం" అని లేచారు. వాదించకుండా వెళ్తున్న అత్తని చూసి రూబెన్‌కి గెలిచాననిపించింది.

మర్నాడు పులుసు నోట్లో పెట్టుకున్న లారీ డ్రైవరు లేచి నిలబడి, కాసేపు అలాగే ఉండిపోయాడు. ఆ మర్నాడు ఉప్పన్నదే లేదు. ఆ తర్వాత పులుపుకి కోటేశ్వరరావు గారి ఒక కన్ను మూసుకుపోయి, సాయంత్రానికి గానీ మామూలుగా తెరుచుకోలేదు. వారం తిరిగేసరికి జనం ఎదుటి హోటల్లో కూర్చుని, ఇటు చూసి చెయ్యి ఊపుతున్నారు.

రూబెన్ వంటింట్లోకి దూసుకెళ్లాడు. యేసమ్మ డేగిసా ముందు, బుగ్గలో ఐసుముక్క పెట్టుకుని, గరిటె పట్టుకుని ఏడుస్తోంది.

"ఏమైంది యేసమ్మా?"

"నాలిక తెలీట్లేదండి బాబుగారూ. కారం తగిల్తే కాలిపోతోంది. మిగతా అంతా ఇనపరుచే. ఏడాదైందండి."

"ఏడాదా? మరి ఇన్నాళ్లూ ఎలా వండావు?"

"టీచరుగారు తిట్టేవారు కదండీ."

రూబెన్‌కి అర్థం కాలేదు. యేసమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని చెప్పింది. "సముద్రం అంటే చెంబుడు నీళ్లండి. ఆసుపత్రి కూడంటే గుప్పెడు ఉప్పు. చింతచెట్టు అంటే బెల్లం ముక్క. కారం ముక్క నేరుగా తింటే ఆవిడకీ ఇప్పటికీ మంటేనండి. అందుకే కడుగుతారు. ఆ కడిగిన నీళ్లలో మంట పల్చబడి, ఉప్పూ పులుపూ తెలుస్తాయట. అలా తంటాలుపడి నాలికని దారికి తెచ్చుకున్నారు."

"నాకొక మాట చెప్పొచ్చు కదా."

"రుచి తెలీని వంటమనిషిని ఎవరు పెట్టుకుంటారండి? మా అమ్మాయి ఏంజెల్ నర్సింగు ఇంకా అవ్వలేదు. నేనే బతిమాలానండి, ఎవరికీ చెప్పొద్దని."

"ఆవిడ ఎలా ఒప్పుకున్నారు? అప్పుడు నువ్వు ఆవిణ్ణి అన్న మాటలకి…"

"ముందు నవ్వారండి. చర్చి మెట్ల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వారు. నేను ఏడుస్తుంటే ఇంకా నవ్వారు. నవ్వడం అయ్యాక ఏలూరు బస్సెక్కించి, డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు."

రూబెన్ అటు తిరిగి పొయ్యి మంట తగ్గించాడు. తగ్గించాల్సిన పని లేదు గానీ, మొహం ఎక్కడో ఒక చోట పెట్టుకోవాలి కదా. పని మానెయ్యమంటాడని యేసమ్మ ఎదురుచూస్తోంది. "ఇవాళ్టికి పప్పు ఒక్కటీ చెయ్యి. ఉప్పు నేను చూస్తాను" అని బయటికొచ్చి, నేరుగా గోడవతలికి వెళ్లాడు.

"అత్తా, కస్టమర్లు మీ గురించి అడుగుతున్నారండి."

"ఏమని?"

"తిట్లు లేకపోతే అన్నం సయించడం లేదట."

క్యాథరిన్ గారు అతని మొహం కాసేపు చదివారు. పిల్లల మొహాలు చదివి చదివి ఆరితేరిన మనిషి. ఏమీ అడగలేదు. "ఊరికే రాను. రోజూ ఒక చప్పటి కూర కూడా ఉండాలి. పాలు పోసిన ఆనపకాయ, పెసరపప్పు పొట్లకాయ, అలాంటివి" అన్నారు.

"ఎవరు తింటారండీ కైకలూరులో?"

"వండి చూడు."

వండితే గంటలో ఖాళీ. నలభై దాటిన ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని వరస కట్టారు. "మా పిల్లలకి" అని ఒకావిడ. "మా మావగారికి" అని ఇంకొకావిడ. పిల్లలు హైదరాబాదులో ఉన్నావిడ కూడా పిల్లలకే పట్టుకెళ్లింది. రూబెన్ ఎవరినీ ఏమీ అడక్కుండా గిన్నెలు నింపాడు. అడక్కుండా ఉండటం అతనికి అదే మొదటిసారి. అత్త నడిమి బల్ల దగ్గర కూర్చుని ముక్కలు కడుగుతూ, యేసమ్మని తిడుతూనే ఉన్నారు. తనకి సంగతి తెలుసని అతను చెప్పలేదు. అతనికి తెలుసన్న సంగతి తనకి తెలుసని ఆవిడా చెప్పలేదు.

ఏడాది తిరిగేసరికి యేసమ్మ నోరు చాలా మటుకు నెమ్మదించింది. ఆ వేసవిలోనే టీచరుగారికి పెంటపాడు బదిలీ అయింది. అటు వెళ్లే తాడేపల్లిగూడెం బస్సు దగ్గరికి రూబెన్ పెట్టె మోసుకొచ్చాడు. ఆవిడ కిటికీ పక్కన సర్దుకుని కూర్చున్నాక, ఇంక ఆగలేక అడిగేశాడు.

"అత్తా, నిజం చెప్పండి. యేసమ్మ మీద మీకు ఏ రోజూ కోపం రాలేదా?"

"ఎందుకు రాలేదురా? రోజూ పదిమందిలో కూర్చుని ఆవిడ వంటని నోరారా తిట్టాను. ఆ పైన ఆవిడ చేతే దణ్ణం పెట్టించుకున్నాను. ఇంతకంటే బాగా కోపం తీర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పు."