ఎర్ర కారు సీటు విప్పిన రోజు

1937 ఎండాకాలం. కడపలో కచేరీకి పోయే దారిలో మాకొక రేకుల షెడ్డు ఉండేది. మా నాయన అందులో జట్కా గుర్రాలకు జీన్లు, కళ్ళేలు కుట్టి మమ్మల్ని సాకాడు. నేను బడికి పోలేదు. ఆయన తోలు కోస్తూనే పక్కన పలక పెట్టి నాకు అక్షరాలు దిద్దించాడు. అక్షరాలు వచ్చాక సూది చేతికిచ్చాడు. ఊళ్ళోకి మోటార్లు వచ్చి జట్కాలు తగ్గినప్పుడు ఆ సూదితోనే కార్ల సీట్లు, హుడ్లు కుట్టడం మొదలుపెట్టాను. హుడ్డంటే పైకప్పు లేని కారుకు ఎండా వానా తగలకుండా కప్పే మడత గుడ్డ. అన్నం పెట్టిన ఆ రెండు విద్యలకూ మా నాయనను, ఆ నాయనను నాకిచ్చిన దేవుణ్ణి రోజూ తలచుకుంటాను.

ఈ పనిలో ఏముంది అని అడిగేవాళ్ళున్నారు. ఇంజను కడిగితే శుభ్రమవుతుంది, రంగు వేస్తే రేకు కొత్తదవుతుంది. సీటు లోపల మాత్రం ఎవరూ కడగరు. పైన తోలు, దాని కింద గుర్రపు వెంట్రుకల మెత్త, ఆ కింద గోనెగుడ్డ, అడుగున స్ప్రింగులు. బండి తిరిగిన దారుల దుమ్మంతా ఆ గోనెలో పొరలు పొరలుగా దిగి ఉంటుంది. ఎర్రగా ఉంటే రాయచోటి వైపు తిరిగిన బండి. నల్లగా ఉంటే జమ్మలమడుగు రేగడిలో తిరిగినది. అమ్మేవాడు ఎన్ని మైళ్ళని చెప్పినా, కూర్చునే చోటు ఎంత కుంగిందో చూస్తే నిజం తెలుస్తుంది. అందుకే పాత కారు కొనేవాళ్ళు మెకానిక్కుతో పాటు నన్నూ పిలిచేవాళ్ళు.

ఆ ఏడు కమలాపురం దగ్గరి ఒక పల్లె నుంచి అట్లాగే పిలుపొచ్చింది. శేషారెడ్డి అనే ఆయన జ్వరంతో చనిపోయి ఆరు నెలలైంది. పిల్లలు లేరు. ఆయన మద్రాసు నుంచి తెచ్చుకున్న ఎర్ర స్పోర్ట్స్ కారు ఎద్దుల కొట్టంలో ఉంది. ఇద్దరే కూర్చునే చిన్న బండి. ముందు పొడుగాటి మూతి, నడుమెత్తు కూడా లేని తలుపులు, ఇద్దరికీ కలిపి ఒకటే పొడుగు సీటు. దాని హుడ్డు రెండేళ్ళ కిందట కుట్టింది నేనే.

అన్నదమ్ముల భాగాలు పంచుతున్నారు. అన్న పెద్దిరెడ్డికి ఆ కారు మీద మనసు. చనిపోయిన తమ్ముడు శేషారెడ్డి భార్య నాగమ్మకు బావి ఉన్న రెండెకరాల తోట మీద మనసు. ఆ పల్లెలో మంచినీళ్ళు పడిన బావి అదొక్కటే, మిగతావన్నీ ఉప్పునీళ్ళు. మధ్యవర్తిగా కూర్చున్న కరణం నరసప్ప ఒక మాట తేల్చాడు. తోట వెల ఎనిమిది వందలు. కారు అంత చేస్తే పెద్దిరెడ్డి కారు తీసుకొని తోట ఆమెకు వదలాలి. చేయకపోతే కారూ తోటా రెండూ పెద్దిరెడ్డివే, ఆమెకు దక్కేది గుట్ట కింద రాళ్ళచేను. ఆడది ఒక్కతే ఆ రాళ్ళలో ఏం పండించుకొని బతుకుతుంది?

మేం పోయేసరికి మంచాలు వేసుకొని పెద్దలు కూర్చున్నారు. నాగమ్మ లోపలి గడప అవతల, తలుపు వెనక నిలబడి ఉంది. ఆ ఇంటి ఆడవాళ్ళు మగవాళ్ళ ముందుకు రారు.

"ఇది యేట్లో మునిగిన బండప్పా," అన్నాడు పెద్దిరెడ్డి. "నిరుడు మా తమ్ముడు పాపాఘ్ని దాటబోయి ఎద్దులతో లాగించుకొని వచ్చినాడు. ఊరంతా చూసినాది. మునిగిన మోటారుకు వెల యాడిది? పాత ఇనుము కింద లెక్క."

నాతో వచ్చిన మెకానిక్కు మస్తాన్ ఇంజను మూత ఎత్తి చాలాసేపు చూశాడు. చేతులు తుడుచుకుంటూ నా పక్కకొచ్చి, "అక్కా, దీన్ని విప్పి కడిగి పెట్టుండారు. మునగకపోతే తొమ్మిది వందలకు పైసా తగ్గదు. మునిగింటే రెండు వందలే శానా ఎక్కువ. ఏది నిజమో ఇంజను చెప్పడంల్యా," అన్నాడు.

"అయితే సీటు చెప్పల్ల," అన్నాడు కరణం. "విప్పు రూతమ్మా."

"మోటారు సంగతి తోలు కుట్టేదానికి ఏం తెలుస్తాది నరసప్పా?" అన్నాడు పెద్దిరెడ్డి.

"నీకు తెలిసింటే కడప నుంచి ఆమెనెందుకు పిలిపిస్తాం రెడ్డీ?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను తల వంచుకొని సీటు బయటికి తీసి, బోర్లించి అడుగు గుడ్డ కుట్లు ఊడదీశాను. గుడ్డ తొలగించి చూశాను. నడుమ స్ప్రింగులు తుప్పుతో ఎర్రబారి ఉన్నాయి. పెద్దిరెడ్డి వంగి చూసి మీసం దువ్వుకున్నాడు.

"చూడప్పా నరసప్పా, తుప్పు. యేటి నీళ్ళు గాక ఇంగేంది?"

నిజం చెప్పాలంటే నేనూ మునిగిందనే అనబోయాను. మాట పెదవి దాకా వచ్చింది. కానీ తొందరలో పలికిన మాటకు తర్వాత బాధపడిన రోజులు నాకున్నాయి. కళ్ళు మూసుకొని, ఉన్నది ఉన్నట్టు చూపించు తండ్రీ అని అడుక్కున్నాను. తర్వాత మళ్ళీ చూశాను, ఈసారి తుప్పు ఉన్నచోట కాదు, లేనిచోట. కుడివైపు చివర స్ప్రింగులు మెరుస్తున్నాయి. ఎడమ చివరవీ మెరుస్తున్నాయి. తుప్పు పట్టిన భాగం జానెడు వెడల్పున, గీసినట్టు గుండ్రంగా ఉంది.

ఏ వరదైనా సీటు నడుమ మాత్రమే తడిపి పోతుందా? గోనెను వేలితో విదిలించాను. ఎర్ర దుమ్ము రాలింది, దాని కింద నల్ల దుమ్ము. రెండూ దేనికది పొడిపొడిగా ఉన్నాయి. మునిగిన సీటులో అవి కలిసిపోయి బురద ఎండిన పెచ్చులుగా ఊడతాయి. గుర్రపు వెంట్రుకలు ఉండలు కడతాయి. ఇక్కడ అవి దూదిలా ఉన్నాయి.

"అయ్యా, ఇది వరద నీళ్ళు కాదు. కుండ మచ్చ," అన్నాను. "ఈడ మంటికుండ పెట్టుకొని తిరిగినారు. కుండ చెమ్మగిల్లి, నీళ్ళు తొణికి, కుట్ల గుండా కిందికి దిగుండాది."

"స్పోర్ట్స్ కారులో కుండ ఎందుకు?" అన్నాడు పెద్దిరెడ్డి.

నేను మస్తాన్ వైపు చూశాను. అతను అప్పటికే రేడియేటరు మూత తిప్పుతున్నాడు. రేడియేటరంటే ఇంజను కాగిపోకుండా నీళ్ళు నిలిపే పెట్టె. మా సీమ ఉప్పునీళ్ళు పోస్తే రెండేళ్ళకే లోపల సున్నం పేరుకొని సన్న గొట్టాలన్నీ పూడుకుపోతాయి. మస్తాన్ వేలు లోపలికి పెట్టి తీశాడు. వేలికి ఏమీ అంటలేదు.

"ఈ మోటారు పుట్టినప్పటి నుంచి మంచినీళ్ళే తాగుండాది," అన్నాడు. "దారిలో ఉప్పునీళ్ళు పోయకుండా ఆ మహానుభావుడు ఇంటి కాడ నుంచే కుండలో తీసుకపోయినాడు. ఇంత బాగా చూసుకున్న బండి నేను జిల్లాలో చూడల్యా."

పెద్దిరెడ్డి ఊరుకోలేదు. "మన దోవల్లో కుండ నిలబడతాదా? ఒక్క గుంతకే బోర్లాపడదూ? ఎవరు పట్టుకున్నారంట దాన్ని?"

ఆ ప్రశ్న వచ్చే వేళకు నా పిడికిట్లో ఒక ఆకుపచ్చ చేతిగాజు ముక్క ఉంది. సీటు ఎడమ చివర తోలు మడతలో దొరికింది. ఆ చివర కూడా కొంచెం కుంగి ఉందని నేను ముందే చూశాను. బరువు తక్కువ మనిషి, చాలా రోజులు కూర్చున్న కుంగు. తలుపు వెనక చీర కదలిక ఆగిపోయింది.

"కుండ ఉన్నట్టు మచ్చ చెప్తాండాది రెడ్డీ," అన్నాను. "పట్టుకున్న చెయ్యి ఎవరిదో మచ్చ చెప్పదు."

కరణం నవ్వాడు. "చేతికి వెల కట్టమని మనం పిలవల్యా పెద్దిరెడ్డీ. బండి సంగతి మాట్లాడు."

"ఇంకొక సంగతి ఉందయ్యా," అన్నాను. "ఈ హుడ్డు నేను కుట్టిందే. అప్పుడు నీళ్ళు పట్టకుండా దారానికి రాసే మైనం అయిపోతే ఉత్తదానితోనే కుట్టినాను. కుట్టు వెంబడి వాన ఇంకి గుడ్డ చివికిపోయుండాది. కొత్తది వెయ్యల్ల. వెలలో అరవై తగ్గించండి. తప్పు నాది."

నాగమ్మకు నష్టమని తెలిసే చెప్పాను. ఆ మాటకు పెద్దిరెడ్డి నా ముఖంలోకి మొదటిసారి తేరిపార చూశాడు. అరవై తగ్గినా ఎనిమిది వందల నలభై మిగిలింది. ఆయన కాసేపు కారు చుట్టూ తిరిగి, ముందు దీపం మీది దుమ్ము పైపంచెతో తుడిచి, "సరేలే నరసప్పా, తోట రాయి," అన్నాడు.

నేను సీటు తిరిగి కుట్టి పెట్టి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాను. నాగమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది. ఎవరూ లేకుండా చూసి గాజుముక్క ఆమె అరచేతిలో పెట్టాను. ఆమె చేతులు అప్పటికే బోడిగా ఉన్నాయి. ముక్కను పిడికిట్లో మూసుకుంది.

"కుండ పట్టుకోను రా అని పిల్చుకపోయేటోడు," అంది మెల్లగా. "తెల్లారక ముందే, ఊరు లేవక ముందే. యేటి కాడ నీళ్ళు నా పాదాలు గూడా తడపల్యా రూతమ్మా. ఇసకలో చక్రాలు దిగబడితే, నన్ను గట్టు చాటున దింపి, అప్పుడు ఎద్దుల్ని పిలిపించినాడు. నేనుండాను గదా బండిలో. ఆ మాట వాళ్ళ ముందర ఎట్ల చెప్పేది?"

ఆమె చెయ్యి పట్టుకున్నాను. మజ్జిగలో ఉప్పు వేయడం మరిచిపోయింది, అయినా అంత కమ్మటి మజ్జిగ నేను తాగలేదు. ఆ బావి నీళ్ళతో చిలికినదట.

వెల కట్టడమంటే చూసినదంతా చెప్పడం అనుకునేదాన్ని అంతకుముందు. ఆ రోజు తెలిసింది, వెలలో చేరేది ఏదైనా, మనకు నష్టమైనా సరే, దాచకూడదు. చేరనిది కళ్ళబడితే దాన్ని బయట పెట్టే హక్కు మనకు లేదు. ఈ రెంటినీ వేరు చేసి చూసే బుద్ధి ఆ పూట నాకిచ్చినందుకు దేవునికి స్తోత్రం చెల్లించుకుంటూనే ఉన్నాను.

మరుసటేడు పెద్దిరెడ్డి ఆ కారు మా షెడ్డుకే తెచ్చాడు. కొత్త హుడ్డు, సీటుకు కొత్త తోలు కావాలన్నాడు. ఈసారి దారానికి మైనం బాగా పట్టించాను. అడుగు స్ప్రింగులు కూడా మార్చమంటారా అని అడిగితే తల గోక్కున్నాడు.

"మార్చు. నడుమ మాత్రం రెండు పొరలు మందంగా తోలు వెయ్యి. కుండ పెట్టల్ల. మా మరదలు తోట నుంచి రోజూ మా ఇంటామె చేతికి నీళ్ళిచ్చి పంపిస్తాండాది, ఒక్కపూట గూడా లేదనల్యా."

సీటు విప్పాను. ఎడమ చివర నిరుటికంటే ఇంకొంచెం కుంగి ఉంది. కుండ ఎవరు పట్టుకుంటున్నారని నేను అడగలేదు.