గడియారం అత్త పది నిమిషాలు

ఆ వయసులో మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టకుండా ఉండదు. అప్పట్లో మా ఖరగ్‌పూర్ రైల్వే ట్రాఫిక్ కాలనీ కుర్రాళ్ళలో ఒకడికి మోటారు సైకిళ్ళ పిచ్చి, ఒకడికి పావురాల పిచ్చి, ఇంకొకడికి హిజ్లీ ఐఐటీ క్యాంపస్‌లో సైకిలు తొక్కే అమ్మాయిల పిచ్చి (ఈ మూడోవాడు ఇప్పుడు చర్చి కమిటీలో పెద్దమనిషి, కనుక వివరాలు వద్దు). నాకేమో చచ్చిపోయిన వాచీల పిచ్చి పట్టింది. అవి కూడా ఏవి పడితే అవి కాదు. ఫ్రాన్సులో కొండల మధ్య ఏదో ఊళ్ళో, నెపోలియను కాలం నుంచీ ఉందని చెప్పుకునే ఒక కంపెనీ వాచీలే కావాలి. ఆ కంపెనీ పేరు ఎలా పలకాలో నాకు తెలియదు. తెలిసినట్టు పలికేవాణ్ణి. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో కొత్తగా ఉద్యోగం, చేతిలో జీతం, జేబులో టైము చూపించే ఫోను. వాచీ పెట్టుకునే అవసరం లోకంలో ఎవరికీ లేని రోజుల్లో నేను వాచీల మీద పడ్డాను. మా వంశంలో ఎవరూ ఏ పనీ సమయానికి మొదలుపెట్టలేదులెండి.

ఇంటర్నెట్‌లో బేరమాడీ, కలకత్తా పాత సామాన్ల బజార్లో దుమ్ము మింగీ కొన్నిటిని పోగుచేశాను. ఒకదానికి డయలు మీద మచ్చలు, ఒకదానికి ముల్లు లేదు, ఒకదానికి పైన ఫ్రెంచి పేరు, లోపల ఎక్కడిదో నాసిరకం మిషను. అన్నిటికీ ఉమ్మడి గుణం ఒకటే, ఒక్కటీ నడవదు. గోల్ బజార్లో వాచీలు బాగుచేసే దాదా దగ్గరికి పట్టుకెళితే, ఆయన వెనక మూత తీసి, కంటికి అద్దం పెట్టుకుని చూసి, మళ్ళీ మూత మెల్లగా మూసి, "ఏ ఆర్ బాచ్‌బే నా" అనేవాడు. ఇది ఇంక బతకదని. అన్నిసార్లూ అదే మాట, అదే నిట్టూర్పు. ఆయన దుకాణం నుంచి నేను ఎప్పుడూ పాడె మోసినవాడిలాగే ఇంటికొచ్చేవాణ్ణి. వాచీలు దాచిన సొరుక్కి మా అమ్మ శ్మశానం అని పేరు పెట్టింది. "నడవని గడియారం ఒకటుంటేనే ఇంట్లో శని కూకుంటాదంతారు. నువ్వు శనికి కుటుంబంతో సహా సోటిచ్చినావు కదరా" అనేది. చుట్టాలొస్తే, "మావోడు జీతమంతా శ్మశానంలో పోస్తన్నాడు" అని చెప్పి కాఫీ ఇచ్చేది. వాళ్ళు ఆ కాఫీ భయంభయంగా తాగేవారు.

అలాంటి రోజుల్లో క్రిస్మస్ వచ్చింది. చర్చి వెనక అద్దె గదిలో ఒంటరిగా ఉండే ముసలావిడ మా ఇంటికి పళ్ళెంతో కేకు పంపించింది. ఆవిడ భర్త రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి, రిటైరై, పోయాడు. పిల్లల్లేరు. పళ్ళెం ఖాళీగా తిరిగివ్వకూడదు కనుక మా అమ్మ దాని నిండా గారెలు పెట్టి నాచేత పంపింది. గది గుమ్మంలో ఆవిడా, పాస్టరుగారి భార్యా (మేమంతా పాస్టరమ్మ అనేవాళ్ళం) కూర్చుని ఉన్నారు. పళ్ళెం అందుకోవడానికి ఆవిడ చెయ్యి చాచింది. పుల్లలాంటి చేతికి పెద్ద మగ వాచీ, చైను వదులై మోచేతి దాకా జారిపోయి ఉంది. డయలు మీద, నేను పలకలేని ఆ పేరు. దాని కింద చిన్న సెకన్ల ముల్లు గిరగిరా తిరుగుతోంది.

"ఏటి బాబూ, మొకం సూడకుండా సెయ్యి సూస్తన్నావు?" అంది.

"అత్తా, ఆ వాచీ…"

"మా ఆయనిది. మా లైన్లో ఒక ఇంజను డ్రైవరు దొర ఉండీవోడు. ఆస్ట్రేలియా ఎల్లిపోతా ఇచ్చీసి ఎల్లినాడు."

"అమ్ముతావా?"

పాస్టరమ్మ కళ్ళు మూసుకుంది. నా గురించే ప్రార్థన చేసిందనుకుంటాను. ముసలావిడ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "అమ్మను. నాను పోనాక తీసుకుందువు గాని. అందాకా ఆగగలవేటి?" అంది.

"ఆగుతానత్తా" అన్నాను. (వెంటనే అన్నాను. కాస్త ఆలోచించినట్టు నటించినా మర్యాదగా ఉండేది.)

సాయంత్రానికి కాలనీ అంతా పాకిపోయింది. నాకు గెద్ద అని పేరు స్థిరపడిపోయింది. టీ కొట్టు దగ్గర కనిపిస్తే చాలు, "ఏరా గెద్దా, ఇంకెన్నాళ్ళంట?" అని పలకరింపు. నేను కోపం తెచ్చుకోలేదు, ఎందుకంటే వాళ్ళన్నది నిజమే. వారానికోసారి ఆవిడ గదికి వెళ్ళడం మొదలుపెట్టాను. చూసి రావడానికని పైకి చెప్పేవాణ్ణి. ఏం చూడ్డానికో ఆవిడకీ తెలుసు. గుమ్మంలో నా నీడ పడగానే, "ఇంకా సావలేదురా గెద్దబాబూ, పై వారం రా" అని లోపల్నుంచి కేకేసేది. వట్టి చేతులతో వెళ్ళడం బాగుండదని ఒకసారి పాలలో కలిపే బలం పొడి డబ్బా తీసుకెళ్ళాను. మా అమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. "వాచీ కోసం కాసుక్కూకున్నోడివి, ఆవిడికి బలం మందు ఇస్తావేట్రా? గెద్దకి కూడా కూసింత తెలివుంటాది."

ఆ పొడి బాగా పనిచేసింది. ఆవిడ కోలుకుంది. నాకు పని పెరిగింది. బజారు నుంచి మందులు నేనే, చర్చికి రిక్షా మాట్లాడేది నేనే, బల్బు మార్చేది నేనే. రోజూ పొద్దున్న ఆవిడ వాచీ విప్పి, ముని వేళ్ళతో మెల్లగా కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్ళీ చేతికి పెట్టుకునేది. నా వాచీల్లో ఒక్కటీ నాకు ఆ చప్పుడు వినిపించలేదు. ఒక ఆదివారం నన్ను కూడా విననిచ్చింది. అంత దగ్గరగా వింటున్నప్పుడే కనిపెట్టాను, ఆ వాచీ పది నిమిషాలు ముందు నడుస్తోందని.

అప్పుడర్థమైంది. ఆవిడ చర్చికి అందరికన్నా ముందు వెళ్ళి, తర్వాత వచ్చినవాళ్ళందరినీ (పాస్టరుగారితో సహా) "ఈ ఊర్లో ఒక్కడికీ టైము లేదు" అని తిట్టేది ఇందుకన్నమాట. ఏళ్ళ తరబడి సరిగ్గా వచ్చినవాళ్ళు తిట్లు తింటున్నారు. నాలోని వాచీల పండితుడు ఊరుకోలేకపోయాడు. అంత గొప్ప కంపెనీ వాచీ తప్పు టైము చూపించడమా! అద్దం తుడిచిస్తానని అరుగు మీదికి తీసుకెళ్ళి, ఫోను చూసి, ముల్లు వెనక్కి తిప్పి సరిచేసి ఇచ్చాను. ఏమీ చెప్పలేదు. ఘనకార్యం చేశానన్న తృప్తితో ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున్న ఫ్యాక్టరీకి బయల్దేరుతుంటే ఆవిడ మా గుమ్మం ముందు నిలబడి ఉంది. చర్చి వెనక నుంచి నడిచే వచ్చింది. రొప్పుతోంది. సన్నగా వాన పడుతోంది, గొడుగు కూడా తేలేదు.

"వర్క్‌షాపులో ఎనిమిదింటి సైరన్ మోగింది. ముల్లు ఎనిమిది మీదే ఉంది. ఎవులు ముట్టుకున్నారు దీన్ని?"

"తప్పు టైము సూపిస్తంది కదత్తా. సరిసేసినాను."

"తప్పా?" అంది. మా అమ్మ కుర్చీ తెచ్చి వేసింది. ఆవిడ కూర్చోకుండానే చెప్పింది. "సైరన్ మోగీసరికి వర్క్‌షాపు గేటు లోపలుండాల. లేకపోతే ఆ పూట పని పోద్ది. అందుకని మా ఆయన పది నిమిషాలు ముందుకి తోసినాడని అందరూ అనుకునీవోరు. ఇంట్లో మా అత్త, మావ, ఇద్దరు ఆడబిడ్డలు, ఒకటే గది. మొగుడూ పెల్లాం మాటాడుకోడానికి సోటేది? టిపిను డబ్బా నాను గేటుకాడికి మోసుకెల్లీదాన్ని. సైరన్ మోగీదాకా ఇద్దరం గోడవార నిల్సోని కబుర్లాడుకునీవోలం. ఆ పది నిమిషాలే రా మా కాపురం. దాన్ని తీసీసినావు నువ్వు."

వాచీ అందుకుని, నా చేతులతో నేనే, ఫోను పక్కన పెట్టుకుని మరీ, జాగ్రత్తగా పది నిమిషాలు తప్పుగా పెట్టి ఇచ్చాను. ఆవిడ చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇప్పుడు సరిగ్గుంది" అంది. ఆ రోజు ఫ్యాక్టరీకి నేను ఆలస్యంగా వెళ్ళాను. సూపర్‌వైజరు కారణం అడిగితే చెప్పలేక తిట్లు తిన్నాను.

ఆ తర్వాత నాకు ఆ వాచీ మీద ఆశ ఎప్పుడు పోయిందో తెలియదు గానీ, పోయింది. కలకత్తా బజారుకి వెళ్ళడం మానేశాను. శ్మశానం సొరుగు తెరవడం మానేశాను. అప్పటికే మా చుట్టుపక్కల తెలుగువాళ్ళు రిటైరై ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఖాళీ క్వార్టర్ల తలుపులకి తాళాలు, గోడల మీద రావి మొక్కలు. అత్త గదికి వచ్చి కూర్చునేవాళ్ళూ తగ్గిపోయారు. చివరికి పాస్టరమ్మ, నేను మిగిలాం. ఆ వానాకాలం అత్త మంచం పట్టింది. ఈసారి బలం పొడి పనిచెయ్యలేదు. డబ్బా మీద డబ్బా తెచ్చాను. గెద్ద అలా మందులు మోయడం చూసి టీ కొట్టు దగ్గర కూడా ఎవరూ నవ్వలేదు. వాళ్ళు నవ్వి ఉంటే నాకు కాస్త ధైర్యంగా ఉండేది.

ఒక పొద్దున్న ఆవిడ వాచీకి కీ ఇవ్వబోయింది. వేళ్ళకి పట్టు చాలలేదు. రెండుసార్లు ప్రయత్నించి, వాచీ విప్పి నా చేతికి పెట్టింది. "నాను పోనాకన్నాను కదా. కూసింత ముందే ఇచ్చీస్తన్నాను. ముందుండడం మా ఇంటి అలవాటు" అంది. నాకు వద్దన్నాను. నిజంగా వద్దు. అంతకుముందు ఆ వాచీ కోసం ఆవిడ ఎప్పుడు పోతుందా అని చూసినవాణ్ణి, ఆ రోజు అది నా మణికట్టు మీద ఉంటే సంకెళ్ళు వేసినట్టుంది. "ఉంచుకో. నాకెందుకు, నాను మంచం మీదే కదా, ఎక్కడికీ లేటవ్వను" అంది. తర్వాత రోజూ పొద్దున్న వెళ్ళి ఆవిడ ముందు కూర్చుని కీ ఇచ్చి, ఆవిడ చెవి దగ్గర పెట్టేవాణ్ణి. ఆవిడ విని తల ఊపేది.

అత్త పోయిన రోజు కూడా పెట్టాను. విన్నది. తల ఊపలేదు. పాస్టరమ్మ మంచం పక్కన మోకాళ్ళ మీద ఉంది. కాసేపటికి లేచి, అత్త కళ్ళు మూసి, ఏడుస్తూనే, "టైమెంతయ్యింది బాబూ? అందరికీ సెప్పాల" అంది. నేను చెయ్యి చూసుకుని, "ఎనిమిదైంది పాస్టరమ్మా" అన్నాను. పాస్టరమ్మ ఫోను తీసి పాస్టరుగారికి ఎనిమిది గంటలకని చెప్పింది. ఆయన ఇంకెవరికో చెప్పాడు. ఖరగ్‌పూర్ నుంచి విశాఖపట్నం దాకా ఎనిమిది గంటలని పాకిపోయింది. అత్త మీద దుప్పటి సర్ది, నలుగురు ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నాక, అప్పుడు మోగింది ఎనిమిదింటి సైరన్.

పాస్టరమ్మ తలెత్తి నా చేతి వైపు చూసింది. ఆ వాచీ ముందు నడుస్తుందని ఆవిడకీ తెలుసు, దానివల్ల తిట్లు అందరికన్నా ఎక్కువ తిన్నది ఆవిడే. నేను నోరు తెరవబోయాను. ఆవిడ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

పెట్టె మూసే ముందు నేను వాచీ విప్పి అత్త చేతికి పెట్టబోయాను. పాస్టరమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "పెట్టీగలవు గాని, రేపు పొద్దుట దానికి కీ ఇచ్చీదెవులు?" అంది. ఏడుపులో కూడా ఆ మాట న్యాయంగానే తోచింది. తీసి మళ్ళీ నా చేతికే పెట్టుకున్నాను.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. నాకిప్పుడు బట్టతల, పెళ్ళాం, బీపీ ఉన్నాయి. శ్మశానం సొరుగు అలాగే ఉంది, మా ఆవిడ దాన్ని తెరవదు. వాచీకి మాత్రం రోజూ పొద్దున్న కీ ఇస్తాను, పది నిమిషాలు ముందే ఉంచుతాను. దానివల్ల పెళ్ళిళ్ళకి వంటవాళ్ళకన్నా ముందు వెళ్ళి, ఖాళీ కుర్చీల మధ్య కూర్చుంటున్నాను. "ఈ ఊర్లో ఒక్కడికీ టైము లేదు" అని మొన్న నా నోటెంటే వచ్చింది. మా ఆవిడ నన్ను వింతగా చూసింది.

ఏటా సమాధుల పండక్కి అత్త సమాధికి సున్నం వేసి, కొవ్వొత్తి పెట్టి వస్తాను. అందరికన్నా ముందు చేరతాను కనుక అక్కడ ఇంకెవరూ ఉండరు. సిలువ మీద ఆవిడ పేరు కింద ఉదయం ఎనిమిది గంటలకు అని రాసి ఉంటుంది. ఆవిడ ఎప్పుడు పోతుందా అని బలం పొడి పట్టుకుని తిరిగిన ఆ వెర్రి గెద్ద గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడు ఆవిడకి చేసిన మంచి పని అదొక్కటే, టైము తప్పు చెప్పడం. ఎందుకంటే ఊరి లెక్కలో ఆవిడ వెళ్ళింది ఎనిమిదింటికి, నిజానికి సైరన్‌కి పది నిమిషాల ముందు; ఆ పది నిమిషాలూ ఎవరి లెక్కలోనూ లేవు, వాళ్ళిద్దరివే. అప్పటికి గేటు ఇంకా తెరిచే ఉంటుంది, ఆయన గోడవార నిలబడి ఉంటాడు.