ఇది పాతదే

సన్నీవేల్‌లో వెండెల్ క్రాట్జ్‌కి ఎవరైనా కొత్త సంగతి చెబితే చాలు, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి "ఇది పాతదే" అంటాడు. సాఫ్ట్‌వేర్ పేటెంట్లు చెల్లవని తేల్చడానికి ఆ పని ఎవరో ముందే చేశారని చూపే పాత సాక్ష్యాలు లాయర్లకు వెతికిపెట్టడం అతని పని. కారు పెట్టాల్సిన గరాజు నిండా నలభై ఏళ్ళ కిందటి కంప్యూటర్ పత్రికలే. రోజుకో అర దులిపి, ముందు తేదీ చూసి, ఆనక విషయం చదువుతాడు. భార్య మార్లీన్ కొత్తగా చేశానంటూ పెట్టిన ఆపిల్ పై అనే తీపి వంటకం తింటూ కూడా, "1961 నాటి చర్చి వంటల పుస్తకం, నలభయ్యో పేజీ" అన్నాడు.

మొన్న ఒక కంపెనీ, ఫైలు చెరిపేముందు "నిజంగానే చెరపమంటారా?" అని అడగడం తన సొంత ఆవిష్కరణేనంటూ చిన్న చిన్న దుకాణాలవాళ్ళను కోర్టుకీడ్చింది. వెండెల్ 1982 నాటి, స్వెట్టర్ల అల్లికలు గీసే కంప్యూటర్ ప్రోగ్రాం పుస్తకంలో అదే ప్రశ్న చూపించాడు. పేటెంటు ఎగిరిపోయింది. "సిగ్గుండాలి వీళ్ళకి" అంటూ గరాజు గోడకేసి చూశాడు. అక్కడ అద్దాల చట్రంలో అతని సొంత పేటెంటు వేలాడుతోంది: తెర మీద బటన్ నొక్కితే రంగు మారడం, 1991.

"మరి దీన్ని నీకంటే ముందు ఎవరూ చెయ్యలేదా?" అంది మార్లీన్, దాని కింది అరలోంచి 1986 సంచిక లాగబోతూ.

"అది ముట్టుకోకు, దుమ్ము" అన్నాడు వెండెల్.

గరాజు మొత్తంలో దుమ్ము పట్టింది ఆ అర ఒక్కటే.