మట్ట వంగేదాకా

ఐదో తరగతిలోనే నేను బడికి సెలవు చెప్పేశాను. బడి కూడా నన్ను వెతుక్కుంటూ రాలేదు కాబట్టి మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ గొడవల్లేవు. ఇప్పుడు జగదల్‌పూర్‌లో ఇంటి ముందు గదిలోనే మోటారుసైకిళ్లకు పంక్చర్లు వేస్తాను. ఆ గది గుమ్మం పక్కన నా భార్య పెంచుకునే పొట్టి ఈతచెట్టు ఉంటుంది. అడవిలో చూసే ఈతకు చిట్టి చెల్లెలు లాంటిది, కుండీ దాటి ఎదగదు. ఇక్కడ కుండీని గమ్లా అంటారు. మా ఆవిడ నాతో ఎంత చక్కటి తెలుగులో పోట్లాడుతున్నా గమ్లా దగ్గరికి రాగానే హిందీలోకి దిగిపోతుంది.

ఆ చెట్టు విషయంలో ఆమెకు ఒకటే కోరిక. మట్టలు నాలుగు దిక్కులా గొడుగులా వంగి వాలాలి. నర్సరీలో చూసిన పెద్ద మొక్క అలాగే ఉందట. మాది మాత్రం గోడ వైపు బోసిగా ఉండి, మట్టలన్నీ రోడ్డు మీదికి చాచి, పోయే ఆటోను ఆపుతున్నట్టు నిలబడేది. ఒకరోజు ఆమె అంగడికి వెళ్లినప్పుడు, సాయం చేద్దామని మట్టల చివర్లకు పాత నట్లు తీగతో వేలాడదీశాను. వంగాయి. రెండు విరిగాయి కూడా. ఆమె వచ్చి చూసి, బండికీ చెట్టుకీ తేడా తెలియనివాడితో ఇన్నేళ్లు కాపురం చేసినందుకు తనను తానే మెచ్చుకుంది.

మా మామగారిది ఇక్కడికి దక్షిణాన, మా వైపే, గొల్లపల్లి దగ్గరి అడవి పల్లె. వయసంతా ఈతచెట్లూ జీలుగుచెట్లూ గీసి కల్లు దించిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు చెట్టెక్కనివ్వడం లేదు. ఎన్నిసార్లు తీసుకొచ్చినా వారం తిరక్కుండా బస్సెక్కేస్తాడు. ఈసారి ఆయన్ని మాతోనే ఉంచేసుకోవాలని మా ఆవిడ పంతం. కానీ పట్నంలో ఆయనకు చేసే పని ఏముంది? టైర్ల మీద కూర్చుని, ఎవరైనా మా వైపు మనిషి వస్తే మా ఊళ్ల దోర్లీ భాషలో కాసేపు మాట్లాడేవాడు. వాళ్లు వెళ్లిపోయాక తన చేతులు తను చూసుకునేవాడు.

మూడో రోజు మధ్యాహ్నం నేను చక్రం విప్పుతుంటే ఆయన సంచిలోంచి కత్తి తీశాడు. మా వైపు ఈతచెట్టు గీయాలంటే ముందు కింది మట్టలు కొట్టి మెడ శుభ్రం చేస్తారు. ఎన్నేళ్ల తర్వాతో ఆయనకు ఎక్కకుండానే ఒక చెట్టు మెడ అందింది. ఇంక చెయ్యి ఆగుతుందా? నేను తలెత్తేసరికి పచ్చటి మట్టలన్నీ నేల మీద ఉన్నాయి. కుండీలో మూడే మిగిలాయి, పిలకలా నిటారుగా. ఆయన ముఖం మాత్రం అంగట్లో అన్నీ అమ్ముకుని ఇంటికి వచ్చినవాడిలా ఉంది.

అది నేను నోరు మూసుకోవలసిన సమయం. మూసుకోలేదు. "మామా, ముంత ఎప్పుడు కడ్దాం? పొద్దుగూకే యాళ్లకు కల్లు దిగుద్దా?" అన్నాను. పంక్చరుకు వచ్చినవాడు పగలబడి నవ్వాడు. అప్పుడే బయటికి వచ్చిన మా ఆవిడ నేల మీద కూర్చుంది. మట్టలన్నీ ఒక్కొక్కటే ఏరి ఒళ్లో వేసుకుంది. తిట్టినా బాగుండేది. ఆయన కత్తి తుడిచి సంచిలో పెట్టేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆ సంచి భుజానికి ఎక్కింది. "పోత బిడ్డా. ఈడ ఉంటే నా చేతులు పాడుజేసుడే తప్ప ఇంకేం లేదు" అన్నాడు.

మా ఆవిడ నా వైపు చూసింది. నీ నోరే పంపిస్తోంది, నీ నోరే ఆపాలి అని ఆ చూపుకు అర్థం. క్షమించమని అడగడం ఆరో తరగతిలో నేర్పుతారేమో, నేను అందాకా పోలేదు. కుండీని ఎత్తుకొచ్చి గుమ్మానికి అడ్డంగా పెట్టాను.

"పో మామా. గని ఇది బతుకుద్దో లేదో చెప్పి పో. నాకు తెల్వదు."

ఆయన సంచి దించి, మోకాలు పట్టుకుని కష్టం మీద కూర్చుని, బొటనవేలితో పీచు పక్కకు తీసి, కొత్త మట్ట పుట్టే నడిమి చోటులోకి చూశాడు. "మొవ్వు మంచిగనే ఉంది" అన్నాడు. "మొవ్వుకు నేనెన్నడు కత్తి తగలనియ్య." తల ఎత్తకుండానే, "కల్లు తియ్యని చెట్టుకు మెడ కడుగుడు ఎందుకు? నాదే తప్పు బిడ్డా" అన్నాడు. మా ఆవిడ లోపలికి వెళ్లి జావ తెచ్చి ఆయన చేతికిచ్చింది.

జావ తాగుతూ నాకు చీవాట్లు మొదలుపెట్టాడు. చెట్టును గోడకెందుకు ఒత్తినవు, అన్ని దిక్కుల ఎలుతురు పడితేనే గదా మట్ట అన్ని దిక్కుల వాలేది అన్నాడు. మట్టి వాసన చూసి, ఏం నీళ్లు పోస్తున్నవని అడిగాడు. ట్యూబులు ముంచే తొట్టి నీళ్లని చెప్పాను. అచ్చం కూతురు చూసినట్టే చూశాడు. ఈలోగా బస్సు వెళ్లిపోయింది. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

"ఒక్క మట్ట వంగేదాక ఉంట" అన్నాడు. కుండీని పొద్దుటి ఎండ తగిలే చోటికి మార్పించాడు. అంచున గుర్తుకు సున్నంతో బొట్టు పెట్టి, వారపు అంగడి రోజుకొకసారి కాస్త తిప్పేవాడు. వేలు మట్టిలో గుచ్చి, పొడిగా ఉంటేనే నీళ్లు పోయనిచ్చేవాడు. పచ్చగా ఉన్న మట్టను ముట్టుకోవద్దని, నిన్నటిదాకా నరికింది నేనే అన్నట్టు నన్ను హెచ్చరించేవాడు.

కొత్త మట్ట ముల్లులా లేచింది, విచ్చుకుంది, కడ్డీలా నిలబడింది. ఇక్కడే తమాషా. మట్టలు వంగడం లేదని ఏళ్లుగా నా ప్రాణం తీసిన మా ఆవిడ, ఇప్పుడు లేవగానే దాన్ని చూసొచ్చి, "ఇంకా వంగలే" అని సంతోషంగా చెప్పేది. వానలు ముదిరాక ఒక పొద్దున అది వంగింది. మధ్య నుంచి లేచి, కొసకు వచ్చేసరికి సన్నగా జారి, నీటిబొట్టు పట్టుకుని వాలింది. ఆమె కోరుకున్నట్టే ఉంది. ఆమె ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. ట్యూబు ముక్కతో పైకి కట్టేద్దామా అన్నాను. ఒక్క క్షణం ఆలోచించింది కూడా.

అంతలో మామగారు రానే వచ్చాడు. మట్టను కింద నుంచి అరచేత్తో ఆనించి చూశాడు. కుండీ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇది ఒక దిక్కే వంగింది" అన్నాడు. "అటు దిక్కుది ఇంకా రావాలె గదా."

కుండీని తనే కొంచెం తిప్పాడు. మా ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, ఆ టైర్లు అవతలికి జరిపి నాయిన మంచానికి చోటు చెయ్యమని నాకు చెప్పింది.