దండెం మీది అంగీ

ఆరేళ్లుగా నేను మోస్తున్నది మూడు మాటల బరువు. ‘భర్తతో కలిసి నివసిస్తున్నది.’ ఆ మాటలు రాసింది నేనే. నా పెన్నుతో, నా దస్తూరీతో రాసి, కింద నా సంతకం పెట్టాను. అవి అబద్ధమని రాసేటప్పుడే నాకు తెలుసు. ఈ సంగతి నా భార్యకు చెప్పలేదు, నన్ను కన్న అవ్వకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు, నాకు అదే ధైర్యం.

నేను ఏడుపుగొట్టు మనిషిని కానని ముందే చెప్పేస్తాను. నిజామాబాద్‌లో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. గొంతు పెద్దది. వాదనకు దిగితే ఎదుటివాడు నీళ్లు నమలాల్సిందే. ఆరేళ్ల కింద బోధన్‌లో పనిచేసేవాణ్ణి. అప్పుడు సంక్షేమ రాజ్యం పాఠం వచ్చిందంటే నాకు పండగే. ప్రభుత్వం దారి వెయ్యాలి, కాలువ తవ్వాలి, దొంగను పట్టాలి, మిగతాది బజారుకు వదిలెయ్యాలి, ఊరికే చేతిలో డబ్బు పెడితే మనిషి చేతులు ముడుచుకు కూర్చుంటాడు అని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. పిల్లలు శ్రద్ధగా నోట్సు రాసుకునేవారు. మరి ప్రతినెలా సర్కారు మీ చేతిలో పెడుతున్నదేమిటి సార్ అని ఒక్కరూ అడగలేదు. నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

అసలు నన్ను మనిషిని చేసింది సర్కారే. మా బాపు షుగర్ ఫ్యాక్టరీలో కార్మికుడు. అప్పట్లో అది ప్రభుత్వ ఫ్యాక్టరీ. నేను పుట్టింది ఫ్యాక్టరీ దవాఖానలో, పెరిగింది క్వార్టర్లలో, చదివింది అక్కడి బడిలో. అది చేతులు మారి, చివరికి మూతపడ్డప్పుడు నేను ఇంట్లోనే కూర్చుని ఒక ఉపన్యాసం ఇచ్చాను. నడవలేనిది ఆగిపోవాల్సిందే, మార్కెట్ ఎవరినీ మొహం చూసి వదిలిపెట్టదు అన్నాను.  బాపు తింటున్న అన్నం వదిలి లేచి వాకిట్లోకి పోయాడు. ఆ రోజు కూడా నేనే గెలిచానని అనుకున్నాను.

ఆరేళ్ల కింద, నేను బోధన్‌లో ఉండగా పింఛన్ల విచారణ వచ్చింది. భర్తను విడిచి బతుకుతున్న ఒంటరి మహిళలకు సర్కారు ఇచ్చే పింఛను అర్హులకే అందుతోందా లేదా ఇంటింటికీ వెళ్లి చూసి రాయాలి. మనుషులు చాలక మా లెక్చరర్లకు కూడా డ్యూటీ వేశారు. మిగతావాళ్లు గొణిగారు. నేను మాత్రం హుషారుగా బయల్దేరాను. అనర్హులను ఏరి పారెయ్యడానికి నాకంటే తగినవాడు ఎవడున్నాడు?

నా వంతుకు ఎడపల్లి వైపు ఒక ఊరు వచ్చింది. ఊరి పేరు చెప్పను. ఆమె పేరు కూడా మారుస్తున్నాను, సాయవ్వ అనుకుందాం. నలభై దాటిన మనిషి. తాగొచ్చి కొట్టే భర్తను మహారాష్ట్ర సరిహద్దు ఊళ్లో వదిలేసి పుట్టింటికి వచ్చేసింది. తమ్ముడి ఇంటికి ఆనించి కట్టిన ఒంటి గదిలో ఉండేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక మా వైపు చెరకు తగ్గి వరి పెరిగింది. ఉన్న కొద్దిపాటి చెరకు వేరే ఫ్యాక్టరీలకు పోయేది. పని దొరికిన రోజు సాయవ్వ చెరకు కొట్టే కూలికి పోయేది, భుజం నొప్పి ఎక్కువైన రోజు ఇంట్లో ఉండేది.

మేము వెళ్లేసరికి పొద్దున పదయింది. పంచాయతీలో పన్నులు వసూలు చేసే కారోబార్ నా వెంట ఉన్నాడు. గది ముందు దండెం మీద నిండు చేతుల నీలం అంగీ ఒకటి ఆరేసి ఉంది. మగవాళ్ల అంగీ. చేతుల అంచులు చిరిగిపోయి ఉన్నాయి.

“ఈ అంగీ ఎవరిది?” అన్నాను.

“నాదే సారూ.”

“మొగోళ్ల అంగీ నీదెట్లయితది?”

ఆమె నవ్వింది. “చెరుకు కొట్టేటోళ్లకు మొగ అంగీ, ఆడ అంగీ అని ఉంటదా సారూ? ఆకు తాకితే చెయ్యంత కోసుకపోతది. చీర మీద తొడుక్కొని పోత.”

“నీ మొగడు వస్తపోతున్నడని చెప్పిండ్రు,” అని ఒక రాయి వేశాను. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

“ఎవ్వలు చెప్పిండ్రు? ఏడేండ్లాయె వాని మొఖం సూడక. గా అంగీ సూసి అంటున్నరా సారూ? మీ అవ్వ తొడగలేదా? నేను, మీ అవ్వ ఒక్క జట్టుల చెరుకు కొట్టినం. మీ బాపుకు ఫ్యాక్టరీల ఇచ్చిన ఖాకీ అంగీ తొడుక్కొని వస్తుండె. మీకు తెల్వదా?”

కారోబార్ నా మొహం చూసి చిరునవ్వు నవ్వాడు. “ఈమె ఒక్కతే ఉంటది సార్. ఊరందరికి ఎరుకే,” అన్నాడు.

నాకు తెలుసు. అంగీ సంగతి నాకెందుకు తెలియదు? చెరకు ఆకు అంచు బ్లేడులా ఉంటుందని, ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల అంగీ వేసుకునే తోటలోకి దిగుతారని బోధన్ వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు. సాయంత్రం అవ్వ ఇంటికి వచ్చాక ఆ ఖాకీ అంగీ చేతులు మడిచి, గీరుకుపోయిన మోచేతులకు కొబ్బరినూనె రాసింది నేనే. అయినా కాలేజీలో ఎవరైనా అడిగితే, “బాపు షుగర్ ఫ్యాక్టరీలో ఉండేవాడు” అని ఊరుకునేవాణ్ణి. వినేవాళ్లు ఆఫీసరేమో అనుకుంటే అనుకోనిచ్చేవాణ్ణి. అవ్వ మాట అసలు ఎత్తేవాణ్ణే కాదు. అలాంటిది, విచారణకు వచ్చిన అధికారిలా మెళ్లో కార్డు వేసుకుని నేను నిలబడి ఉంటే, విచారించాల్సిన మనిషి నన్ను చెరకు కొట్టేదాని కొడుకుగా గుర్తుపట్టింది. అదీ ప్రేమగా గుర్తుపట్టింది. ఆ ప్రేమ ఆ రోజు నా కంటికి ఆనలేదు. కారోబార్ నవ్వే కనిపించింది.

బయటికి వచ్చి బండి సీటు మీద ఫారం పెట్టి రాశాను. భర్తతో కలిసి నివసిస్తున్నది. ఆధారం రాయమన్న చోట, ఇంటి ఆవరణలో పురుషుని దుస్తులు కనిపించినవి అని రాశాను. ఆ రెండో వాక్యంలో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు చూడండి. నా చదువంతా ఆ వాక్యంలో పనికొచ్చింది.

ఎందుకు చేశాను? చాలా రోజులు నాకు నేను చెప్పుకున్న జవాబు, సిద్ధాంతం కోసం అని. మనిషన్నవాడు కష్టపడి బతకాలి, సర్కారు మీద ఆధారపడకూడదు అన్న నమ్మకంతోనే కఠినంగా ఉన్నానని. శుద్ధ అబద్ధం. అంత నమ్మకమే ఉంటే పక్క వీధిలో నాకు కుర్చీ వేసి చాయ్ ఇచ్చి, దండాలు పెట్టిన ఇంట్లో నిజంగానే అనుమానం వచ్చినా అర్హురాలని ఎందుకు రాశాను? సిద్ధాంతం నాకు సాకు మాత్రమే. సాయవ్వ నన్ను మా అవ్వ పక్కన నిలబెట్టింది. అందుకు నేను ఆమెను శిక్షించాను. చేతిలో సర్కారు కాగితం ఉంది కాబట్టి శిక్షించగలిగాను.

పింఛను ఆగిపోయింది. ఆమె ఊరుకోలేదు. నిజామాబాద్ వెళ్లి కలెక్టరాఫీసులో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో దరఖాస్తు ఇచ్చింది. తర్వాత ఒక మధ్యాహ్నం ఆ దరఖాస్తు నకలు పట్టుకుని మా కాలేజీకి వచ్చింది. పొరపాటైందని నేను ఒక్క మాట రాసిస్తే చాలని వాచ్‌మన్‌తో చెప్పి పంపింది. స్టాఫ్ రూం కిటికీలోంచి చూశాను. గేటు దగ్గర ఎండలో నిలబడి ఉంది. లేడని చెప్పమని, సైకిల్ స్టాండ్ వెనక దారిలోంచి వెళ్లిపోయాను. ఫారం రాసిన రోజు కోపంలో ఉన్నానని సర్దుకోవచ్చు. కిటికీలోంచి చూసిన రోజు కోపం ఎక్కడుంది? లేదు. పిరికితనం ఉంది, అంతే.

ఆ తర్వాత జరిగింది నాకు కారోబార్ చెప్పాడు. తమ్ముడి ఇంట్లో ఆమెకున్న విలువ ఆ పింఛనే. నెలనెలా ఇంటి సామానుకు తన వంతు ఇచ్చినంత కాలం మరదలు వదినా అని పిలిచింది. అది ఆగాక గిన్నెల చప్పుడు పెరిగింది. భుజం నొప్పి వల్ల కూలికి రోజూ పోలేకపోయింది. చివరికి తమ్ముడే మధ్యవర్తిని పట్టుకుని బావకు కబురు పెట్టాడు. మూడో నెలలో భర్త ఆటో తీసుకుని వచ్చాడు. ఆమె తన మూట తానే పట్టుకుని ఎక్కిందట. 

అదయిన పది రోజులకు ఆమె దరఖాస్తు మీద మళ్లీ విచారణకు ఒక అధికారి వచ్చాడు. గదికి తాళం వేసి ఉంది. మొగని దగ్గరికి పోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. వాళ్లు చెప్పింది నిజమే. మొదటి విచారణ సరైనదేనని ఆయన రాసుకుపోయాడు. తర్వాత మండల సమావేశంలో నన్ను లేపి నిలబెట్టి, ఒక్క చూపులో పట్టేశారు, ఇలాంటి కన్ను అందరికీ ఉండాలి అని మెచ్చుకున్నాడు. చప్పట్లు కొట్టారు. నేను నమస్కారం పెట్టి కూర్చున్నాను.

నేను రాసిన రోజు ఆ వాక్యం అబద్ధం. మూడు నెలలకు నిజమైంది. దాన్ని నిజం చేసింది నా అబద్ధమే.  ఆ సమావేశంలోనే లేచి చెప్పి ఉండొచ్చు. లేవలేదు.

ఇప్పుడూ నేను సంక్షేమ రాజ్యం పాఠం చెబుతున్నాను. బల్ల ఇప్పుడూ గుద్దుతున్నాను, కాని వేరే మాట మీద. బేరం అంటే రెండు వైపులా వద్దు అనే హక్కు ఉండాలి. కూలి గిట్టకపోతే వద్దు అనగలగాలి, దెబ్బలు భరించలేకపోతే ఆ ఇల్లు వద్దు అనగలగాలి. వద్దు అనలేని మనిషికి మార్కెట్ లేదు, లొంగిపోవడమే ఉంది. సాయవ్వ చేతిలో సర్కారు పెట్టిన ఆ కాస్త డబ్బు ఆమెను సోమరిని చెయ్యలేదు. వద్దు అనే మనిషిని చేసింది. అందుకని సర్కారు చేసేదంతా మంచిదేనని నేను అనను. సాయవ్వ మీద పడ్డ చెయ్యి కూడా సర్కారుదే, ఆ రోజు ఆ చెయ్యి నేను. ఎవరికి ఇవ్వాలో తేల్చే అధికారం నాలాంటివాడి చిన్నబుద్ధి చేతిలో పెడితే ఎంత మంచి పథకమైనా ఒక మనిషిని ఆటో ఎక్కించగలదు. ఈ మాట ఎవరితోనైనా వాదిస్తాను, గెలుస్తాను కూడా. ఈ ఒక్క గెలుపు మాత్రం నాది కాదు, సాయవ్వ బతుకులోంచి లాక్కున్నది.

ఆమె దగ్గరికి పోయావా అని మీరు అడుగుతారు. పోలేదు. ఆ భర్త ముందు నిలబడి, ఈమె నీతో లేని రోజుల్లో సుఖంగా ఉండేది, నేనే చెడగొట్టాను అని చెబితే ఆ దెబ్బలు ఎవరికి పడతాయి? అందుకే పోలేదు. ఇది నిజమైన కారణమేనా, మళ్లీ సైకిల్ స్టాండ్ దారేనా? ఎంత తవ్వుకున్నా ఇది మాత్రం నాకు తేలడం లేదు.

పోయిన నెల ఒక పని చేశాను. ఆరేళ్ల కింద నేను ఇచ్చిన నివేదిక అబద్ధమని, తెలిసే రాశానని కాగితం రాసి, సంతకం పెట్టి, మండల ఆఫీసులో ఇచ్చి వచ్చాను. అక్కడ ఇప్పుడు కొత్త అధికారి. చిన్న వయసు, మర్యాదస్తుడు. రెండుసార్లు చదివాడు. ఆమె ఇప్పుడు భర్త దగ్గరే ఉంది కదా సార్, రూల్ ప్రకారం పింఛను రాదు కదా అన్నాడు. నా మీద చర్య గురించి పైకి రాస్తానన్నాడు. రాయమన్నాను. ఏం వచ్చినా తీసుకుంటాను, దానికి నాకు భయం లేదు.

కాని అతను చెప్పింది సరైనదే. రూల్‌లో తప్పు లేదు. ఫైలులో తప్పు లేదు. రెండోసారి విచారణలో తప్పు లేదు. అన్నీ సరిగ్గా ఉన్నాయి, సాయవ్వ మాత్రం వద్దన్న ఇంట్లో ఉంది. నేను ఏం రాసినా ఆమె వెనక్కి రాదు. ఇదంతా మీకు చెప్పాక ఛాతీ మీది రాయి కొంచెం జరిగినట్టు ఉంది, ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. ఆమెకు దొరకనిది నాకు దొరికింది కదా అని సిగ్గుగా ఉంది.