రెండోసారి పిలవలేదు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అన్నీ గాలించినా పదిమంది యూదు మగవాళ్లు దొరకడం గగనమే. పదిమంది లేకుంటే మాకు కూడి చేసే ప్రార్థన లేదు. అందుకే నడుమనున్న పెనుకొండలో ఒకరి మిద్దెమీద చేరతాం. ఒకరు ముందు నిలబడి దీవెనలు పలికితే, ఒక్కో దీవెనకూ తక్కినవాళ్లు ఆమెన్ అనాలి.

ప్రార్థన నడిపించమని పిలవగానే లేవకూడదు, అది పొగరు. మొదటిసారి వద్దనాలి. రెండోసారి తటపటాయించాలి. మూడోసారి లేవాలి. అప్పుడూ లేవకపోతే అదీ పొగరే. మా నాయన ఈ ఆచారాన్ని ప్రాణంగా పాటించేవాడు.

నేను కాలేజీలో చేరిన ఏడాది, మా తాత తిథి రోజు. ఆరోజు కొడుకు ముందు నిలబడి ప్రార్థన నడిపించాలి. ధర్మవరంలో మగ్గం ఆపి బస్సులో వస్తూ దారి పొడుగునా నాయన పెదాలు కదుపుతూనే ఉన్నాడు. పిలిచే పెత్తనం హిందూపురం పెద్దాయనది.

"ఏమప్పా, నడిపిస్తావా?" అన్నాడాయన.

"నాకెందుకులేన్నా," అన్నాడు నాయన తల వంచుకుని.

"ఒద్దంటాండాడు. సరే, నేనే నిలబడతా." పోతూపోతూ పెద్దాయన నవ్వాడు కూడా. "మగ్గం గుంతలో కూచునేటోనికి ముందు నిలబడేది యాడొస్తాది."

నాయన పోయి వెనక వరసలో కూర్చున్నాడు. ఇంటికి పోయాక కూడా ఆ ఊసెత్తలేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ ఆ మంటను ఆరనివ్వలేదు.

కిందటేడు పిలిచే పెత్తనం నా చేతికొచ్చింది. మొన్న పెద్దాయన తల్లి తిథి. తెల్ల శాలువా సర్దుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

"పెదనాయనా, నడిపిస్తారా?" అన్నాను ఎంతో మర్యాదగా.

"నాకెందుకులేప్పా," అన్నాడు చిరునవ్వుతో, రెండో పిలుపు కోసం చూస్తూ.

"ఒద్దంటాండారు," అన్నాను అందరికీ వినబడేలా. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. నాకెంత హాయిగా ఉండిందో చెప్పలేను.

వెనక వరసలో ఉన్న నాయనను పిలిచాను. అప్పుడు భయమేసింది. ఈయన సంగతి నాకు తెలుసు కదా. తప్పురా అంటాడు, పెద్దాయననే మళ్లీ పిలువు అంటాడు. నాయన మాట కాదనే ధైర్యం నాకు లేదు. ఇన్నేళ్ల పగ బూడిదలో పోసినట్టే.

నాయన వద్దనలేదు. తటపటాయించనూ లేదు. మొదటి పిలుపుకే లేచి, పెద్దాయన ముందు నుంచే నడిచిపోయి, శాలువా తలమీదికి లాక్కుని మొదలుపెట్టాడు. ఆయనకు అంత గొంతుందని నాకు అంతవరకూ తెలియదు.

ప్రతి దీవెన చివరా ఆగాడు, పెద్దాయన నోట ఆమెన్ వినబడేదాకా.